పిల్లలున్న ఇంట్లో తుపాకీకి తాళం: చట్టం అవసరమా?

ఫ్రిస్కో_బాబాయ్:
అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో 2024 ఫిబ్రవరి 13 నుంచి కొత్త చట్టం. 18 ఏళ్లలోపు పిల్లలు ఉండే, వచ్చిపోయే ఇంట్లో తుపాకీని తాళం పెట్టెలో పెట్టాలి, లేదా తూటాలు తీసేసి లాక్ బిగించాలి. ఇల్లిల్లూ తిరిగి చూసేదెవరు? అక్కడి ఆక్స్‌ఫర్డ్ ఊరి స్కూల్లో 2021లో తుపాకీతో కాల్చి నలుగురిని చంపిన కుర్రాడి తల్లిదండ్రులకు ఈ చట్టం లేకుండానే 10 నుంచి 15 ఏళ్ల శిక్ష పడింది కదా. 2008లో హెల్లర్ అనే కేసు తీర్పులో అమెరికా సుప్రీంకోర్టు ఇంట్లో తుపాకీకి తాళం వేయాలన్న నిబంధననే కొట్టేసింది కూడా.

నోవై_ప్లీడరు:
ఆ శిక్ష నలుగురూ పోయాక పడింది బాబాయ్ గారూ. హెల్లర్‌లో పోయింది వాషింగ్టన్ నగర నిబంధన. ఆత్మరక్షణకు కూడా మినహాయింపు లేదనే కొట్టేశారు. మిషిగన్ చట్టం మనిషి దగ్గర లేకుండా వదిలేసిన తుపాకీకే. మీ టెక్సస్‌లోనూ అజాగ్రత్త వల్ల 17 లోపు పిల్లలకు తూటాలున్న తుపాకీ చిక్కితే నేరమే. అది పేలి ఎవరైనా చనిపోతే ఏడాది దాకా జైలు.

కేబుల్_లాక్:
చట్టం సరే, పిస్టల్‌కి కేబుల్ లాక్ బిగించడం ఎంతమందికి వచ్చు? ముందు మ్యాగజైన్ (తూటాల డబ్బా) తీయాలి. తర్వాత స్లైడ్ (పైన కదిలే భాగం) వెనక్కి లాగి ఛాంబర్‌ను (పేలే తూటా కూర్చునే గదిని) కంటితో చూసి, వేలితో తడమాలి. మ్యాగజైన్ తీసినా ఛాంబర్‌లో ఒక తూటా ఉండిపోవచ్చు, కొంప ముంచేది అదే. కేబుల్‌ను ఎజెక్షన్ పోర్టులోంచి (ఖాళీ తూటా బయటపడే కన్నంలోంచి) దూర్చి మ్యాగజైన్ తొర్రలోంచి బయటికి లాగి తాళం వేస్తే స్లైడ్ మూసుకోదు. తూటాలున్న తుపాకీకి ట్రిగ్గర్ మీద బిగించే లాక్ వద్దేవద్దు, బిగిస్తుండగానే పేలొచ్చు.

ఫ్రిస్కో_బాబాయ్:
అర్ధరాత్రి దొంగ పడితే ఇదంతా విప్పుతూ కూర్చోవాలా?

కేబుల్_లాక్:
అందుకు బటన్లతో కోడ్ నొక్కి తెరిచే పెట్టె ఉంది, చీకట్లో తడిమి తీయొచ్చు. గోడలోని చెక్క స్టడ్‌కి (నిలువు దుంగకి) బోల్టు వేయకపోతే పెట్టెతో సహా ఎత్తుకుపోతారు. బ్యాటరీ ఏడాదికోసారి మార్చాలి. ఫ్యాక్టరీ కోడ్ కొన్నరోజే మార్చాలి. ఆక్స్‌ఫర్డ్ కేసులో ఇంట్లో ఉన్న సేఫ్ కోడ్ 0-0-0! వేలిముద్ర పెట్టెలైతే మరీ జాగ్రత్త. నమోదు కాని వేలికీ తెరుచుకుంటున్నాయని 2023లో ఒక కంపెనీవి 61,000 దాకా వెనక్కి రప్పించారు. నమోదు చేశాక ఇంట్లో మిగతావాళ్ల వేళ్లూ పెట్టించి చూడాలి.

నోవై_ప్లీడరు:
బీరువా పైన దాచడం మూడేళ్ల పిల్లాడికి సరిపోతుందేమో, పదహారేళ్ల వాడికి చాలదు. వాడికి తాళంచెవి ఎక్కడుంటుందో మనకంటే బాగా తెలుసు. ఇలాంటి చట్టాలతో చిన్నవయసువారి తుపాకీ ఆత్మహత్యలు తగ్గుతాయని అమెరికా పరిశోధన సంస్థ ర్యాండ్ సమీక్షలోనూ తేలింది.

ఫ్రిస్కో_బాబాయ్:
లాక్ వద్దనలేదండీ. 2005 ఫెడరల్ చట్టం ప్రకారం హ్యాండ్‌గన్ అమ్మితే డీలరు లాక్ ఇవ్వాల్సిందే, దాన్ని వాడమనండి. జైలు దగ్గరే నా పేచీ.