అప్‌డేట్: టెక్సాస్‌లో షాప్‌లిఫ్టింగ్ కేసు, డైవర్షన్ తర్వాత ఉద్యోగం

సెల్ఫ్ చెకవుట్‌లో కొన్ని వస్తువులు స్కాన్ చేయకుండా బయటికి వచ్చి, 130 డాలర్ల దొంగతనం కేసులో ఇరుక్కున్నానని, ఇక ఉద్యోగం వస్తుందా అని అప్పుడు అడిగాను. తప్పు నాదే. ఆ రాత్రి ఓపిగ్గా జవాబిచ్చిన అన్నలకూ అక్కలకూ థాంక్స్.

పనికొచ్చింది ఒక్క సలహా: క్రిమినల్ లాయర్‌తో పాటు ఇమిగ్రేషన్ లాయర్‌నూ కలవమన్నది. 100 నుంచి 750 డాలర్ల లోపు దొంగతనం టెక్సాస్‌లో క్లాస్ బి మిస్‌డిమీనర్, అంటే చిన్న నేరాల్లో ఒక రకం. గిల్టీ అని ఒప్పుకుంటే, కోర్టు తర్వాత కేసు కొట్టేసినా ఇమిగ్రేషన్ లెక్కలో అది శిక్ష పడినట్టే కావచ్చని ఇమిగ్రేషన్ లాయర్ చెప్పారు. అందుకే నేరం ఒప్పుకోవాల్సిన పని లేని ప్రీ ట్రయల్ డైవర్షన్ తీసుకున్నాం, అంటే విచారణకు ముందే కొన్ని షరతులు పూర్తి చేస్తే కేసు కొట్టేసే ఏర్పాటు. క్లాసు, కమ్యూనిటీ సర్వీస్ పూర్తయ్యాక కేసు డిస్మిస్ అయింది.

ఆఫర్ వచ్చాక బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో కేసు కనబడింది, పక్కన ‘డిస్మిస్డ్’ అని. హెచ్ఆర్ అడిగితే కోర్టు ఆర్డర్ పంపాను. రెండు రోజులు నిద్ర లేదు. మూడో రోజు క్లియర్ అని మెయిల్ వచ్చింది. ‘శిక్ష పడిందా’ అన్న ప్రశ్నకు లేదనే రాశాను, అదే నిజం. క్యారెక్టర్ లెటర్ల కోసం ప్రొఫెసర్ల చుట్టూ తిరిగాను కానీ వాటిని ఎవరూ అడగలేదు.

ఇప్పుడు రికార్డు చెరిపేయించే ఎక్స్‌పంక్షన్‌కు వేస్తున్నాం. దానికి ముందే కోర్టు సీలున్న సర్టిఫైడ్ కాపీలు నాలుగు తీసుకున్నాను, తర్వాత ఆ కాగితాలు దొరకవు. వీసా ఫారం డీఎస్-160 అరెస్టు గురించి కూడా అడుగుతుంది. రికార్డు పోయినా అక్కడ అవుననే రాయాలి.