రాపిడ్ సెలెక్టర్‌లో పక్కపక్క ఫ్రేములు కాపీ అయ్యేదెలా?

అమెరికా వ్యవసాయ శాఖ లైబ్రరీలో రాల్ఫ్ షా 1949లో పెట్టించిన రాపిడ్ సెలెక్టర్ అనే యంత్రం గురించి ఒక సందేహం. మైక్రోఫిల్మ్ (పత్రాలను చిన్న బొమ్మలుగా తీసిన ఫిల్మ్) రీలులో కావలసిన పత్రాలను వెతికి కాపీ తీసే యంత్రమిది. తెలిసినవాళ్లు చెప్పండి.

35 మి.మీ. ఫిల్మ్ మీద ప్రతి పత్రం బొమ్మ పక్కనే దాని విషయం కోడ్ చుక్కల రూపంలో ఉంటుంది. వెతికే కోడ్‌తో చుక్కలు సరిపోలగానే ఫోటోసెల్ (వెలుగులో తేడాను గుర్తించే సాధనం) పసిగడుతుంది, ఫ్లాష్ వెలుగుతుంది, ఆ ఫ్రేము ఇంకో ఫిల్మ్ మీద పడుతుంది. రీలు ఎక్కడా ఆగదు. ఫ్లాష్ సెకనులో వెయ్యోవంతు కూడా ఉండదు కాబట్టి బొమ్మ అలుక్కుపోదు. (ఫోటోసెల్‌తో పోల్చే పద్ధతికి ఇమాన్యుయేల్ గోల్డ్‌బర్గ్ అనే ఆవిష్కర్తకు 1931లోనే అమెరికా పేటెంట్ ఉంది. ఆ సంగతి తెలుసు, నా ప్రశ్న అది కాదు.)

చిక్కంతా కాపీ ఫిల్మ్ దగ్గరే. అది ఒక్కో గడి జరగాలి. పక్కపక్కనే రెండు ఫ్రేములు సరిపోలితే, ఖాళీ ఫిల్మ్ జరిగేలోపే రెండోది దాటిపోవాలి, లేదా మొదటిదాని మీదే పడాలి. ఒకే విషయం మీది సారాంశాలను వరసగా ఫిల్మ్ తీస్తే ఈ గొడవ తప్పదు.

ఫిల్మ్ తీసేటప్పుడే వాటిని చెల్లాచెదురుగా పెట్టేవారా? రీలును మళ్లీ తిప్పి తప్పిపోయినవి పట్టేవారా? కాపీ ఫిల్మ్‌ను జరిపేది క్లచ్చా, మరేదైనా ఏర్పాటా? డ్రాయింగులు చూసినవాళ్లుంటే ఆ భాగం ఒక్కటి వివరిస్తే చాలు.