గుజ్జు అరిగేది బాసింపట్టు వల్లా, బరువు వల్లా?

గట్టుమీద:
మోకాళ్ళ నొప్పి అనగానే మూడు మాటలు వినబడతాయి: గుజ్జు అరిగింది, కింద కూర్చోకు, నడవకు. మన ముందుతరాలన్నీ కిందే కూర్చున్నాయి కదా అన్నది ఎదురు వాదన. కింద కూర్చోవడం నిజంగా ఈ కీళ్ళ అరుగుదలకు, అంటే ఆస్టియోఆర్థరైటిస్‌కు కారణమా? అభిప్రాయాలొద్దు, ఆధారాలు చెప్పండి.

పాలపిట్ట:
కారణమే. బీజింగ్‌లో 60 దాటినవాళ్ళ మీద చేసిన సర్వే 2001లో వచ్చింది. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ ఆడవాళ్ళకంటే బీజింగ్ ఆడవాళ్ళు సన్నం, అయినా మోకాళ్ళు బీజింగ్ వాళ్ళకే ఎక్కువ పాడయ్యాయి. పాతికేళ్ళ వయసులో రోజూ ఎంతసేపు గొంతుక్కూర్చునేవాళ్ళో అడిగితే, రెండు గంటలు దాటినవాళ్ళకు ముప్పు ఎక్కువని 2004లో తేలింది. జర్మనీ 2009లో ఇలా వచ్చే మోకాలి ఆర్థరైటిస్‌ను వృత్తి వ్యాధుల జాబితాలోనే చేర్చింది. షరతు ఏమిటంటే, మోకాళ్ళ మీదో గొంతుక్కూర్చునో చేసిన పని మొత్తం 13,000 గంటలు కావాలి, షిఫ్టుకు కనీసం గంట ఉండాలి.

ముక్కుసూటి:
ఆ అంకెతోనే లెక్క వేద్దాం. టైల్స్ మేస్త్రీ రోజుకు 4 గంటలు, ఏడాదికి 250 రోజులు అలా పనిచేస్తే 13 ఏళ్ళకు అక్కడికి చేరతాడు. రెండు పూటలా 20 నిమిషాల చొప్పున మఠం వేసుకుని అన్నం తినేవాడు ఆ షిఫ్టు గంటనే అందుకోడు. పైగా రెండూ ఒకటి కాదండీ. గొంతుక్కూర్చుంటే మోకాలు పూర్తిగా మడుచుకుని, చిప్ప తొడ ఎముకకు గట్టిగా నొక్కుకుంటుంది. మఠం వేస్తే బరువు పిరుదుల మీద పడుతుంది. ఇబ్బందల్లా లేచేటప్పుడే, ఒంటికాలి మీద మెలితిరిగి లేస్తే.

గోదారోడు:
మీరిద్దరూ అసలు దొంగను వదిలేశారు. ఒంట్లో కిలో తగ్గితే, అడుగు వేసినప్పుడల్లా మోకాలి మీద సుమారు 4 కిలోల భారం తగ్గుతుంది. ఆ ఫ్రామింగ్‌హామ్‌లోనే పదేళ్ళలో 5 కిలోలు తగ్గిన ఆడవాళ్ళకు మోకాలి ఆర్థరైటిస్ ముప్పు సగానికి పైగా పడిపోయింది. ఇది మోత లెక్క మాత్రమే కూడా కాదు. లావుగా ఉన్నవాళ్ళకు చేతివేళ్ళ కీళ్ళూ ఎక్కువగా పాడవుతాయి, చేతివేళ్ళ మీద ఎవరూ నడవరు కదా! కొవ్వులోంచి వాపు పుట్టించే పదార్థాలు రక్తంలోకి వస్తుంటాయి.

గట్టుమీద:
అయితే నడక తగ్గిస్తే ఉన్న గుజ్జయినా మిగులుతుందా?

పాలపిట్ట:
మిగలదు. "అరుగుదల" అన్న మాటే తప్పుదోవ పట్టిస్తోంది, అదేమీ చెప్పు అడుగు కాదు. మనం గుజ్జు అంటున్న మృదులాస్థిలో రక్తనాళాలుండవు. అడుగు పడ్డప్పుడు నొక్కుకుని, ఎత్తినప్పుడు కీలులోని ద్రవాన్ని పీల్చుకుంటుంది, దాని తిండి అదే. నడక మానేస్తే తొడ ముందు కండ చిక్కిపోయి, అదురంతా కీలే మోయాల్సి వస్తుంది.

ఆ కండ బలపడాలంటే కుర్చీలో కూర్చుని కాలు తిన్నగా చాపి, 5 సెకన్లు ఆపి, మెల్లగా దించాలి. 10 సార్లు, రోజుకు 3 విడతలు. తేలికయ్యాక చీలమండకు అరకిలో బరువు. చాలామంది కాలు విసిరి, ధబీమని వదిలేస్తారు, అప్పుడు కండకు పనే ఉండదు. నొప్పి మర్నాటికీ తగ్గకపోతే సంఖ్య సగం చేయండి, మానొద్దు. మోకాలు వేడిగా ఉబ్బితే మాత్రం డాక్టరు దగ్గరికే.

ఎక్సరేబాబు:
వాదనకు ముందు ఫిల్ము ఎలా తీశారో చూడండి. పడుకోబెట్టి తీస్తే ఎముకల మధ్య సందు ఉన్నదానికంటే ఎక్కువ కనబడుతుంది. రెండు మోకాళ్ళూ నిలబెట్టి తీయాలి. ఎక్సరే చూసి ఇచ్చే 0 నుంచి 4 దాకా ఉన్న గ్రేడులు (4 అంటే బాగా పాడైనట్టు) 1957 నాటివి, నొప్పికీ వాటికీ పొంతన తక్కువ. గ్రేడు 4తో మెట్లెక్కేవాళ్ళున్నారు, గ్రేడు 2తోనే మూలిగేవాళ్ళున్నారు. పాత లిగమెంటు దెబ్బ, తీసేసిన మెనిస్కస్ (మోకాలి ఎముకల మధ్య ఉండే మెత్తటి దిండు) గురించి ఇక్కడ ఎవరూ అడగలేదేం? దొడ్డికాళ్ళవాళ్ళకు లోపలివైపు సందే ముందు పోతుంది.

ముక్కుసూటి:
దేశం మీద ఈ జబ్బు భారం సంగతీ చెప్పుకోవాలి. దేశంలో అయిదు చోట్ల చేసి 2016లో అచ్చువేసిన సర్వేలో మోకాలి ఆర్థరైటిస్ 28.7 శాతం మందికి ఉందని తేలింది, ఆడవాళ్ళలో ఇంకా ఎక్కువ. కేంద్రం 2017 ఆగస్టులో ఆపరేషన్‌లో అమర్చే మామూలు కోబాల్ట్ క్రోమియం కృత్రిమ మోకాలికి 54,720 రూపాయల గరిష్ఠ ధర పెట్టింది, పన్ను అదనం. అది ఇంప్లాంటు ధరే, ఆపరేషన్ ఖర్చు వేరు. గుజ్జు పెంచుతాయని అమ్మే గ్లూకోసమైన్ మాత్రలను బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలిచ్చే నైస్ సంస్థ 2022 మార్గదర్శకాల్లో వద్దంది. ఆ డబ్బు మిగుల్చుకోండి.

గోదారోడు:
మరి రోజంతా వంగి వరినాట్లు వేసేవాళ్ళను ఏ లెక్కలో వేస్తారు?

పాలపిట్ట:
నాట్లలో వంగేది నడుమండీ, మోకాలు దాదాపు తిన్నగానే ఉంటుంది. కలుపు తీసేటప్పుడు, వేరుశనగ కాయలు తెంపేటప్పుడు గంటల తరబడి గొంతుక్కూర్చుని జరుగుతారు చూడండి, అసలు లెక్క అక్కడ. కాయలు తెంపేచోట జానెడు ఎత్తు పీట వేసుకుంటే బరువు పీట మీదికి పోతుంది, మోకాలి మడతా తగ్గుతుంది. కలుపులో కదలక తప్పదు కాబట్టి పీట కుదరదు. అరగంటకోసారి లేచి సాలు చివరిదాకా నడిచి రావాలి.