మెరుగైన అలసంద రకాలు రెండో ఏటికే ఎందుకు ఆగిపోతున్నాయి?

మెట్టపొలం:
వానాధారపు పొలాల్లో 60–65 రోజుల అలసంద రకాలు ప్రదర్శన మడిలో చక్కగా కాస్తాయి. విత్తనం చేతికిస్తే మొదటి ఏడు రైతులు ఇష్టంగానే వేస్తారు. రెండో ఏటికి తగ్గిపోతారు, ఆపైన మళ్లీ పాత తీగ రకమే. రైతులు మారడానికి ఒప్పుకోరన్న మాట నేను నమ్మను. పొలంలోనో ఇంట్లోనో నష్టం కనబడే వదిలేస్తున్నారు. రకం ఎంచేటప్పుడు, విత్తనం ఇచ్చేటప్పుడు ఏం చూసుకోవాలి? జొన్న, సజ్జలో అంతరపంటగా వేసే చోట్ల సంగతి కూడా చెప్పండి.

నల్లరేగడి:
ముందు విత్తే తేదీ చూడండి, చాలాచోట్ల దెబ్బ అక్కడే తగులుతుంది. పాత తీగ రకాల్లో చాలావాటికి పగటి పొద్దుతో లంకె ఉంటుంది. తొలకరికి వేసినా నెల ఆగి వేసినా పొద్దు తగ్గాకే పూస్తాయి, అప్పటికి వానలు వెనకబడతాయి కాబట్టి కాయ ఎండకు ఎండుతుంది. తక్కువ కాలపు రకాలకు ఆ లంకె దాదాపు ఉండదు. విత్తిన 40 రోజులకు అటూఇటూగా పూత, 60–65కి కోత. రైతు అలవాటుగా తొలకరికే వేశాడంటే కాయ పండేది నడివానల్లో. కాయకు బూజు, గింజకు మచ్చ, ముసురు వదలకపోతే కాయలోనే మొలక. రకం మంచిదే, తేదీ పాతది.

లెక్క వెనక నుంచి కట్టాలి. మీ దగ్గర మామూలుగా చివరి మంచి వాన ఎప్పుడు పడుతుందో, దానికి 45–50 రోజుల ముందు విత్తండి. ఇసుక నేలయితే తేమ నిలవదు, ఇంకో వారం ముందే విత్తండి. పచ్చికాయ కోసమైతే తొలకరికి వేసినా ఫర్వాలేదు.

రెండోది మొక్కల ఒత్తు. తీగ రకానికి వదిలినంత ఎడం నిటారుగా, పొట్టిగా పెరిగే కొత్త రకానికి వదిలితే నేల సగం ఖాళీగా ఉండిపోతుంది. 60 సెంటీమీటర్ల సాళ్లలో 20 సెంటీమీటర్లకు రెండేసి గింజలు పెడితే, వంద గింజల బరువు 15 గ్రాములున్న రకానికి ఎకరానికి 10 కిలోలు పడుతుంది. గింజ 20 గ్రాములదైతే 13 కిలోలపైనే. అందరికీ ఒకే బరువు సంచి పంచితే లావు గింజ వేసినవాళ్ల చేలో మొక్కలు పలచనవుతాయి.

అంతరపంటలో నీడే అసలు చిక్కు. సాలుకు సాలు వేస్తే జొన్న నీడలో పొట్టి అలసంద పూత నిలవదు. నైజీరియాలోని అంతర్జాతీయ ఉష్ణమండల వ్యవసాయ పరిశోధన సంస్థ (ఐఐటీఏ) వాళ్లు చెప్పే పద్ధతి రెండు సాళ్లు జొన్న లేదా సజ్జ, నాలుగు సాళ్లు అలసంద. ధాన్యపు పంట ముందు వేసి, అలసంద కొన్ని వారాలు ఆగి వేస్తారు. అలా కుదరని చోట పొట్టి రకం అంటగట్టకండి.

ఆకుపచ్చ_మొగ్గ:
ప్రదర్శన మడికి మందు కొడతారు, రైతు చేనుకు కొట్టరు. దిగుబడి తేడాలో పెద్ద పాలు అదే. తీగ రకం వారాల తరబడి విడతలుగా పూస్తుంది, ఒక విడత పురుగుకు పోయినా తర్వాతిది దక్కుతుంది. పొట్టి రకం ఒక్కసారే పూస్తుంది. ఆ పది రోజుల్లో పురుగు పడితే చేను పచ్చగానే ఉంటుంది, కాయ ఉండదు.

30వ రోజు నుంచి మొగ్గలు చూడాలి. విచ్చని మొగ్గను తెల్ల కాగితం మీద నలిపి దులపండి. సన్నటి నల్ల నలుసులు కదిలితే తామర పురుగులు. వీటివల్ల మొగ్గ విచ్చకుండానే రాలుతుంది, రైతు దాన్ని బెట్ట అనుకుంటాడు. పూలు, పిందెలు గూడు కట్టి అంటుకుని ఉంటే మారుకా మచ్చల పురుగు. గింజ ముడుచుకుపోతే కాయ రసం పీల్చే నల్లులు. మొగ్గ దశలో ఒకటి, పది రోజులకు ఇంకొకటి, ఈ రెండు పిచికారీలు తప్పితే లాభం లేదు. వేపగింజల కషాయం 5 శాతం కొంత ఆపుతుంది, ఉధృతి ఎక్కువైతే చాలదు. నైజీరియాలో 2019లో విడుదలైన బీటీ అలసంద సాంపీ 20–టి కూడా మారుకాను మాత్రమే తట్టుకుంటుంది, తామర పురుగుకు, నల్లులకు మందు తప్పదు. విత్తనంతో పాటు పంపు, మందు అందే దారి చూపలేకపోతే దిగుబడి మాట ఇవ్వకండి.

గడ్డివామి:
మేత సంగతి మరిచారు. ఎండ ప్రాంతంలో అలసంద తీగ ఎండుమేతకు మంచి విలువ ఉంటుంది, ఎండాకాలం పశువు నిలబడేది దానిమీదే. గింజ పెరిగి మేత తగ్గితే పశువులున్న ఇంటికి నష్టమే. గింజా మేతా రెండూ ఇచ్చే రకాలున్నాయి, ఐటీ90కే–277–2 అలాంటిదే. గింజ రంగు, లావు, ఉడికే తీరు కూడా విత్తనం ఇవ్వకముందే ఆడవాళ్లకూ కొనేవాళ్లకూ చూపించండి.

మెట్టపొలం:
చాలా ఉపయోగమండీ. మరి రెండో ఏటికి విత్తనమే మిగలడం లేదంటున్నారు, దానికేం చేయాలి?

నల్లరేగడి:
అలసంద తన పుప్పొడితోనే కాస్తుంది, కాబట్టి మూడు నాలుగేళ్లు సొంత విత్తనం వాడుకోవచ్చు. ఏటా కొనే అవసరం లేకపోవడంతో కంపెనీలకు ఈ విత్తనం మీద ఆసక్తి తక్కువ, పథకం ముగిస్తే సరఫరా కూడా ముగుస్తుంది. ఊళ్లో ఒకరిద్దరు విత్తనానికని వేరే చేను పెట్టాలి. వేరే రకానికి 10 మీటర్లు ఎడం, పూత దశలో ఒకసారి, కాయ దశలో ఒకసారి కేళీలు (కలిసిపోయిన వేరే రకం మొక్కలు) ఏరివేత. శుభ్రం చేసిన గింజ 300 కిలోలు వస్తే 30 ఎకరాలకు సరిపోతుంది.

నిల్వలో పుచ్చు పురుగు చేలోనే మొదలవుతుంది, ఎండే కాయ మీద గుడ్డు పెడుతుంది. కోత ఆలస్యం చేయకండి. గింజ కొరికితే పటుక్కున విరిగేంత ఎండబెట్టి, లోపల రెండు మందపాటి పాలిథిన్ పొరలు, పైన నేత సంచి ఉండే మూడు పొరల సంచిలో నిండుగా నింపి, ఒక్కో పొర మూతి విడిగా మెలిపెట్టి, మడిచి బిగించి కట్టండి. గాలి అందక పురుగు చస్తుంది. రెండు నెలల లోపు విప్పితే గాలి మళ్లీ చేరుతుంది. లోపలి పొరకు చిల్లి పడిందేమో నింపే ముందే గాలి పట్టి చూడాలి. విత్తేముందు వంద గింజలు తడిగుడ్డలో చుట్టి ఎనిమిదో రోజు లెక్కపెట్టండి. 85 మొలిస్తే మామూలు మోతాదు, 70 అయితే విత్తనం ఐదో వంతు పెంచండి.