బల్లార్షా దగ్గర మందు మానే మీటింగ్‌లు ఎక్కడ జరుగుతాయి? మరాఠీ రాని మనిషి వెళ్లొచ్చా?

గోదారి_ఆడపడుచు:
అందరికీ నమస్తే. మా మామగారి కాలంలో బొగ్గు గనుల్లో పనికని కరీంనగర్ వైపు నుంచి వచ్చి బల్లార్షాలోనే ఉండిపోయాం. మా ఆయనకు తాగుడు అలవాటు. 2015లో మా చంద్రపూర్ జిల్లాలో దారూబందీ (మద్య నిషేధం) పెట్టాక కూడా ఎక్కువ డబ్బు పోసి దొంగచాటుగా తెచ్చుకునేవారు, 2021లో ఎత్తేశాక ఇక అడ్డే లేదు. ఈ మధ్య పొద్దున టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నా ఒలికిపోతోంది, ఒక గుక్క మందు లోపలికి వెళితే గానీ ఆ వణుకు ఆగదు. మొన్న తనంతట తనే "ఇక మానేస్తా, దారి చూపించేవాళ్లుంటే" అన్నారు. ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానాలనుకునేవాళ్లు కలిసి కూర్చునే గ్రూపు) మీటింగ్‌లని విన్నాను. ఎలా వెతకాలి, ఎంత కట్టాలి, కాలనీలో తెలిసిపోతుందా? ఆయనకు తెలుగు, కొంచెం హిందీ తప్ప రాదు. మా అత్తగారేమో కూరలో తెలియకుండా కలిపే పొడి ఏదో తెప్పిస్తానంటున్నారు.

చాందా_తమ్ముడు:
అక్కా, నేను కూడా తాగి మానినవాడినే, మీటింగ్‌ల వల్లే నిలబడ్డాను. ఫీజు ఏమీ లేదు. మానాలన్న కోరిక ఒక్కటుంటే చాలు, రిజిస్టర్‌లో పేరు రాయరు, ఇంటి అడ్రసు అడగరు, చివర్లో ఒక డబ్బా తిప్పుతారు, ఉన్నవాళ్లు పదో ఇరవయ్యో వేస్తారు, వెయ్యకపోయినా ఎవరూ ఏమీ అనరు. చర్చి గదిలోనో బడిలోనో గంట, గంటన్నర కూర్చుంటారు. ఒక్కొక్కరు పేరు మాత్రం చెప్పి "నేను ఆల్కహాలిక్‌ని" అని తమ సంగతి చెప్పుకుంటారు, మధ్యలో ఎవరూ అడ్డు రారు, సలహాలు ఇవ్వరు. మొదటి రోజు నోరు విప్పకుండా కూర్చున్నా ఫర్వాలేదు.

ఇక వెతకడం. ఏఏ ఇండియా వెబ్‌సైట్‌లో ఊళ్లవారీగా మీటింగ్‌లు, హెల్ప్‌లైన్ నంబర్లు ఉంటాయి. వెళ్లే ముందు ఫోన్ చేసి అడగండి, చిన్న ఊళ్లలో రోజు, చోటు మారిపోతుంటాయి. ఇక్కడ మరాఠీ, హిందీ నడుస్తాయి, మన గనుల్లో పనిచేసేవాళ్లకు ఆ హిందీ సరిపోతుంది. తెలుగే కావాలంటే ఫోన్‌లో జూమ్ మీటింగ్‌లు ఉన్నాయి, తెలుగువాళ్ల గ్రూపుల గురించి హెల్ప్‌లైన్‌లోనే అడగొచ్చు. ఆ ఫోన్ మాత్రం ఆయన చేతే చేయించండి. భార్య చేస్తే అటువైపు వాళ్లు మర్యాదగా మాట్లాడతారు, కానీ తాగే మనిషి గొంతు వింటే వాళ్లలో ఒకరు ఇంటి దాకా వచ్చి మరీ తీసుకెళ్తారు. కాలనీ భయం నాకూ ఉండేది. అక్కడ మీ ఆయన్ను చూసేవాడు కూడా అందుకే వచ్చి ఉంటాడు కదా.

వార్డు_సిస్టర్:
చెల్లీ, మీటింగ్ కంటే ముందు డాక్టర్. పొద్దున వణుకు ఉందంటే ఒంటికి మందు అలవాటు పడిపోయిందని అర్థం. అలాంటివాళ్లు ఒక్కసారిగా ఆపేస్తే మొదటి రెండు మూడు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, లేనివి కనపడటం, ఎక్కడున్నామో తెలియకపోవడం జరగొచ్చు, ప్రాణం మీదికి వస్తుంది. పట్టుదలతో మానేసిన మనిషిని ఇంట్లో తలుపేసి పడుకోబెట్టడం వల్లే ఆ మూడో రోజు రాత్రి అంబులెన్స్‌లు పరుగెత్తుతాయి. జిల్లా ఆసుపత్రి మానసిక విభాగానికి తీసుకెళ్లండి, కొన్నాళ్లు వణుకు తగ్గే మాత్రలు, బీ1 విటమిన్ ఇచ్చి మెల్లగా తాగుడు మాన్పిస్తారు. ఎవరిని కలవాలో తెలియకపోతే 14446కి ఫోన్ చేయండి, అది మత్తు మానిపించడానికి కేంద్రం పెట్టిన ఉచిత నంబర్. మనసు బాగా కుంగితే 14416, టెలీ మానస్.

ఆ పొడి వద్దే వద్దు. అందులో ఏముందో ఎవరికీ తెలియదు. డైసల్ఫిరామ్ (తాగుడు మాన్పించడానికి డాక్టర్లు ఇచ్చే మాత్ర) లాంటిదైతే, దాని మీద మందు తాగిన మనిషికి బీపీ పడిపోతుంది, గుండె దడదడలాడుతుంది, చనిపోయినవాళ్లూ ఉన్నారు. డాక్టర్లు కూడా రోగికి చెప్పి, అతను ఒప్పుకున్నాకే ఇస్తారు. అత్తగారికి ఇది చదివి వినిపించు.

సిరొంచ_శారద:
మీకూ ఒక మీటింగ్ ఉంది, అది మర్చిపోకండి. అల్-అనాన్ అని తాగేవాళ్ల ఇంట్లోవాళ్లకు వేరుగా నడుస్తుంది, ఆయన మానినా మానకపోయినా మీరు వెళ్లొచ్చు. మా గడ్చిరోలి జిల్లాలో 1993 నుంచి దారూబందీ, అయినా ప్రాణహిత దాటితే తెలంగాణలో దుకాణం, అంతే సంగతి. సీసాలు దాచడం, షిఫ్ట్‌కి రాలేదని ఫోన్ వస్తే జ్వరమని అబద్ధం చెప్పడం, ఇవన్నీ నేనే మోసేదాన్ని. ఇప్పుడు మానేశాను, రాత్రి నిద్ర పడుతోంది. ఏఏలో ఓపెన్ మీటింగ్‌లు కూడా ఉంటాయి, వాటికి మీరు ఆయనతో కూర్చోవచ్చు. క్లోజ్డ్ అంటే తాగేవాళ్లకు మాత్రమే.

గోదారి_ఆడపడుచు:
అందరికీ థ్యాంక్స్. అత్తగారికి చదివి వినిపించాను, పొడి మాట ఇక ఎత్తలేదు. సోమవారం ఆసుపత్రికి బయల్దేరుతున్నాం. తమ్ముడూ, ఈ వారం ఆయనకు సెకండ్ షిఫ్ట్, సాయంత్రం మీటింగ్ కుదరదు, ఏం చేయమంటారు?

చాందా_తమ్ముడు:
ఆదివారాలు, పొద్దున పూట జూమ్ మీటింగ్‌లు చూడండి. నాకు ప్రైవేట్ మెసేజ్ పెట్టమనండి, హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసేటప్పుడు నేనూ లైన్‌లో ఉంటా.