పోర్ట్ మూలలో స్ట్రెస్ పెరుగుతూనే ఉంది, ఏం చేయాలి?

అమలాపురం మెకానికల్:
అన్నలూ, ఫైనలియర్ ప్రాజెక్టుకి విమానం ల్యాండింగ్ గేర్‌ని (చక్రాల అమరికను) ఆయిల్ ప్రెజర్‌తో కదిలించే యాక్చుయేటర్ సిలిండర్ తీసుకున్నాను. లోపలి వ్యాసం 50 మి.మీ., గోడ మందం 5 మి.మీ., 7075-టీ6 అల్యూమినియం, ప్రెజర్ 3000 పీఎస్ఐ. కంప్యూటర్లో స్ట్రెస్ లెక్క గోడ దగ్గర బాగానే ఉంది. ఆయిల్ పోర్ట్ (ఆయిల్ వచ్చిపోయే రంధ్రం) లోపలి మూలలో మాత్రం మెష్ (మోడల్‌ని చిన్న ముక్కలుగా విడగొట్టే వల) సన్నం చేసిన కొద్దీ స్ట్రెస్ పెరుగుతూనే ఉంది. సోమవారం రివ్యూ. మా గైడ్ గారు రంగుల బొమ్మ చూసి ఊరుకునే రకం కాదు. టెన్షన్‌గా ఉంది.

గోదావరి గట్టు:
మూలను పదునుగా గీసి ఉంటావు తమ్ముడూ. అక్కడ వ్యాసార్థం సున్నా అయితే లెక్క ప్రకారం స్ట్రెస్‌కి హద్దే ఉండదు, ఎంత సన్నం మెష్ వేస్తే అంత పెద్ద నంబరు. ఫిల్లెట్ పెట్టి, అంటే మూలను గుండ్రం చేసి, మళ్లీ రన్ చెయ్. అంతకంటే ముందు కాగితం మీద, మందపాటి గోడల సిలిండర్‌కి వాడే లామే సూత్రంతో గోడ సంగతి తేల్చు. 3000 పీఎస్ఐ అంటే 20.7 మెగాపాస్కల్స్, లోపలి అంచున హూప్ స్ట్రెస్ (గోడని చుట్టూ లాగే స్ట్రెస్) 115 దాకా రావాలి. సాఫ్ట్‌వేర్ అది చూపించకపోతే పోర్ట్ జోలికే వెళ్లకు. తర్వాత 1.5 రెట్ల ప్రూఫ్ ప్రెజర్ (పరీక్ష కోసం పెట్టే ఎక్కువ ప్రెజర్) పెట్టి చూడు. అల్యూమినియంతో అసలు భయం ఫెటీగే, అంటే పదేపదే లోడు పడి పగుళ్లు రావడం.

రావులపాలెం హార్వెస్టర్ మెకానిక్:
విమానాల సంగతి నాకు తెలీదండి. కోత మిషన్‌కి పైపు మార్చాక గాలి సరిగ్గా తీయకపోతే సిలిండర్ జర్కులు కొడుతుందండి ఆయ్. మీ కంప్యూటర్లో ఆ గాలి ఉంటుందా?

గోదావరి గట్టు:
మనం పెడితేనే ఉంటుందండి, చాలామంది మర్చిపోతారు. కొంచెం గాలి కలిసినా ఆయిల్ బల్క్ మాడ్యులస్ (నొక్కితే కుంచించుకోకుండా నిలిచే గుణం) బాగా పడిపోతుంది. కాకపోతే అది ఈ స్ట్రెస్ మోడల్‌లో కాదు, సిస్టం మోడల్‌లో చూడాలి.

అమలాపురం మెకానికల్:
ఫిల్లెట్‌తో నంబరు నిలబడింది. గోడ దగ్గర 114.6. ఇక ఫెటీగ్ మొదలెడుతున్నా. మెకానిక్ గారూ, సిలిండర్ విప్పేటప్పుడు షెడ్డుకి వచ్చి చూడొచ్చా?