బాల్ పైథాన్ లే బాక్స్‌కి కొండ నాచు తెచ్చుకుంటే తప్పా?

అనంతగిరి_ప్రసాద్:
మేం పెంచే బాల్ పైథాన్ ఆడ పాము గుడ్లకి ముందు విడిచే కుబుసం విడిచింది. ఇంకో నెల రోజుల్లో గుడ్లు పెట్టాలి. కేంద్ర పర్యావరణ శాఖ పోర్టల్ పరివేష్‌లో నమోదు చేయించిన పామే, ఆ అనుమానం ఎవరికీ వద్దు. లే బాక్స్‌లో, అంటే అది గుడ్లు పెట్టే పెట్టెలో, తడి నాచు పరవాలి. మార్కెట్లో న్యూజిలాండ్ స్ఫాగ్నం (ఎండబెట్టి అమ్మే బురద నేల నాచు) ధర చూస్తే గుండె ఆగింది. మా వైపు కాఫీ తోటల్లో బండల మీద, సిల్వర్ ఓక్ మొదళ్ళకి కావలసినంత నాచు ఉంది. తెచ్చి, ఉడకబెట్టి వాడితే తప్పేంటి?

గెక్కో_సుధ:
వద్దు ప్రసాద్ గారూ. చట్టం సంగతి తర్వాత, ముందు అది పనికొస్తుందా అన్నది చూద్దాం.

స్ఫాగ్నం ఆకుల్లో లోపల ఏమీ లేని చచ్చిన కణాలుంటాయి, వాటికి సన్నటి రంధ్రాలు. నీళ్ళు అందులోకి వెళ్ళి కూర్చుంటాయి. అందుకే ఎండు బరువుకి పదిహేను, ఇరవై రెట్లు నీళ్ళు పట్టుకుంటుంది. పైగా దానిది ఆమ్ల గుణం, బాక్టీరియా తొందరగా పెరగదు. మొదటి ప్రపంచ యుద్ధంలో దూది చాలక బ్రిటన్‌లో గాయాలకి ఇదే కట్టారు. మీ బండ మీద పచ్చగా కనిపించేది వేరే జాతి. నీళ్ళు ఎక్కువగా పైపైనే నిలుస్తాయి, గాలి తగిలితే ఎండిపోతుంది. ఉడకబెడితే ముద్దయి, వెచ్చటి పెట్టెలో కుళ్ళడం మొదలెడుతుంది.

ఇక కొండ మాట. ఆ నాచు పొరలోనే ఫెర్న్‌లు, ఆర్కిడ్ మొలకలు వేళ్ళూనుకుంటాయి. గోకేసిన బండ మళ్ళీ పచ్చబడాలంటే ఏళ్ళు పడుతుంది. రిజర్వ్ ఫారెస్ట్‌లోంచి అనుమతి లేకుండా తెస్తే 1967 అటవీ చట్టం కింద కేసు కూడా. తోట మీదే అయితే కేసు ఉండకపోవచ్చు, నష్టం మాత్రం అంతే.

డాలస్_రవి:
సుధ గారు చెప్పిన సైన్స్ కరెక్టే. కానీ కొన్న స్ఫాగ్నం ఆకాశం నుంచి ఊడిపడలేదు కదా! ఇక్కడ అమెరికాలో మాకు దొరికే వాటిలో చాలా ప్యాకెట్లు చిలీవి. అక్కడ చిలోయె దీవిలో మంచు కొండలు లేవు, వేసవిలో వాగులకి నీళ్ళు ఆ నాచు బురద నేలల నుంచే రావాలి. నాచు తీసేస్తే ఊళ్ళకి నీటి కరువు. గొడవ ముదిరి 2024లో చిలీ ఆ నేలల రక్షణకి చట్టం చేసింది. అనంతగిరి బండ మీద జాలిపడి చిలోయె బురద నేలని మర్చిపోతే ఎలా?

ఇంకో మాట. అడవి నాచుతో పాము మైట్స్ (ఒంటికి పట్టే సన్న పురుగులు) వస్తాయని ప్రతి గ్రూపులోనూ భయపెడతారు. పాము రక్తం తాగే మైట్స్ వచ్చేది వేరే పాముల నుంచి, వాటి దగ్గర ఉంచిన సామాన్ల నుంచి. నాచులో కనిపించే పురుగుల్లో చాలావరకు బూజు, కుళ్ళిన ఆకులు తినేవే. నిజంగా జాగ్రత్తపడాల్సింది స్పోరోత్రిక్స్ అనే ఫంగస్‌తో. 1988లో అమెరికాలో విస్కాన్సిన్ స్ఫాగ్నం ముట్టుకున్న 84 మందికి చర్మం మీద పుళ్ళు లేచాయి. కొన్న నాచే అది! గ్లవ్స్ లేకుండా ఎండు నాచు ముట్టుకోకండి.

కోనసీమ_శ్రీను:
న్యూజిలాండ్ ఎందుకు, చిలీ ఎందుకు? అంబాజీపేట వైపు రండి, కొబ్బరి పీచు పొట్టు కుప్పలు కుప్పలు. ఏ కొండా గోకక్కర్లేదు, ఏ దీవీ ఎండక్కర్లేదు.

గెక్కో_సుధ:
శ్రీను గారూ, పొట్టు మంచిదే, కానీ కడగాలి. ఉప్పు ఉంటుంది. మూడు నాలుగుసార్లు నీళ్ళు మార్చి పిండితే తప్ప పోదు. రెండో చిక్కు, సన్నటి పొట్టు తడి గుడ్డుకి అంటుకుంటుంది, తుడవబోతే గుడ్డు కదులుతుంది. పెట్టిన రోజు దాటాక గుడ్డు తిరగబడితే లోపల పిండానికి ప్రమాదం. నాచు పోగులు అలా అంటవు. రవి గారి చిలోయె మాటకి నా జవాబు ఒకటే: తక్కువ వాడండి, ఎండబెట్టి మళ్ళీ వాడండి. లే బాక్స్‌కి రెండు గుప్పెళ్ళ ఎండు నాచు చాలు.

అనంతగిరి_ప్రసాద్:
సరే, కొండ నాచు జోలికి పోను. తడి ఎంత ఉండాలో చెప్పండి. ఒక్కొక్కరూ ఒక్కో లెక్క చెబుతున్నారు.

గెక్కో_సుధ:
కాచి చల్లార్చిన నీళ్ళలో అరగంట నానబెట్టండి. నీళ్ళు ఆకుపచ్చగా దిగితే అది రంగు వేసిన సరుకు, పారెయ్యండి. అసలు ఎండు స్ఫాగ్నం గడ్డి రంగులో ఉంటుంది. తర్వాత రెండు చేతులతో గట్టిగా పిండండి. ఇంకోసారి పిడికిలి బిగించినప్పుడు చుక్క రాలకూడదు, చెయ్యి మాత్రం చల్లగా తడిగా అనిపించాలి. అక్కడ ఆపి, వేళ్ళతో విడదీసి, వదులుగా పరవండి. మైక్రోవేవ్‌లో శుద్ధి చేస్తామనేవాళ్ళు తడిగానే పెట్టాలి, ఎండుది అంటుకుంటుంది.

డాలస్_రవి:
ఇది లే బాక్స్ వరకే ప్రసాద్. గుడ్లు ఇంక్యుబేటర్‌కి మార్చాక నాచు నేను వాడను. అడుగున నీళ్ళు, పైన జాలీ, జాలీ మీద గుడ్లు, 31 నుంచి 32 డిగ్రీలు. గుడ్డుకి తడి అస్సలు తగలదు. పిల్లలు బయటికొచ్చాక వాటినీ పరివేష్‌లో చూపించాలి, మర్చిపోకు.

కోనసీమ_శ్రీను:
ఉప్పు సంగతి ఒప్పుకుంటాను, అంటుకోవడం ఒప్పుకోను. మీరంటున్నది సన్న పొట్టు. పొట్టు జల్లించేసిన పొడుగు పీచు పరిచి చూశారా? పెట్టెకి అటు సగం నాచు, ఇటు సగం కడిగిన పీచు వెయ్యి ప్రసాదూ. పాము ఎటు చుట్టుకుంటుందో ఇక్కడే రాయి.